మూడో చెప్పు

కెంపమ్మకు మూడు చెప్పులు. కుడికాలికి ఒకటి, ఎడమకాలికి రెండు. ఎడమవాటిలో ఒకదాని అడుగు నాలుగు వేళ్ల ఎత్తు ఉంటుంది. రోజూ తొడిగేది అదే. రెండోది కుడిదానికి సరిజోడు. అది సంచిలో, సద్దిగిన్నె కింద, పాత పంచె ముక్కలో చుట్టి ఉంటుంది. బ్యాండు వాయించే రోజున మాత్రమే బయటికి వస్తుంది.

పొద్దున్నే కురబలకోటలో బస్సెక్కి మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయేది. టమోటాల కుప్ప ముందు కూర్చుని పచ్చికాయ ఒక పక్క, దోరకాయ ఒక పక్క, పండు ఒక పక్క వేసేది. కూర్చుని చేసే పని కాబట్టి ఆమెకిచ్చారు. సాయంత్రం మళ్లీ అదే బస్సు. కండక్టర్ మునిరత్నం టికెట్టు చించే ముందు ఆమె మొహం చూడడు, సంచి చూస్తాడు.

"ఏమ్మా, చెప్పుండాదా సంచిలో?"

"ఉండాదప్పా. పుంగనూరులో పెండ్లి."

"అట్లయితే తిరిగొచ్చేటప్పుడు నిలబడి రా. నీ సీటు ముసిలోళ్లకు ఇస్తా."

"బస్సెక్కేటప్పటికి షంషుద్దీన్ చిన్నాయన నా కాలు దించేసుంటాడు. నా సీటు నాకే పెట్టు."

బస్సులో నలుగురు నవ్వేవారు. అర్థం కానివాళ్లు ఎవరూ లేరు. కెంపమ్మ ఎడమకాలు పుట్టుకతోనే నాలుగు వేళ్లు పొట్టి. షంషుద్దీన్ బ్యాండు మొదలైతే ఆ నాలుగు వేళ్లూ పెరిగి కుడికాలికి సమానమవుతుంది. వాయించడం అయిపోతే మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఏడేళ్ల వయసులో ఊళ్లో ఒక పెళ్లి ఊరేగింపులో మొదటిసారి అట్లా జరిగింది. వాళ్లమ్మ చూసి, "పావడ అంచు విప్పాల" అని సూదీ దారం వెతుక్కుంది. అంతే. ఆ తర్వాత దాని గురించి మాట్లాడింది చెప్పులు కుట్టే ఓబులప్ప ఒక్కడే. "ఈ జిల్లా మొత్తంలో రెండు కాళ్లకు మూడు చెప్పులు కుట్టేది నేనొక్కడినే" అని చెప్పుకునేవాడు.

షంషుద్దీన్‌ది మదనపల్లె. క్లారినెట్టు ఆయనది. ఇంకా ఆరుగురు మనుషులు, ఏడు ఎర్రకోట్లు. కోట్లకు గుండీలు సగమే ఉండేవి, కానీ జరీ మెరిసేది. వాయించేటప్పుడు ఆయన ఎవరి మొహమూ చూసేవాడు కాదు. కాళ్లు చూసేవాడు. కోలాటం వలయంలో ఒక ముసలమ్మ కాలు బరువెక్కితే పాట మెల్లగా నడిచేది. పడుచుపిల్లల మడమలు లేస్తే పాట పరుగెత్తేది. పెళ్లికొడుకు మేనత్త సిగ్గుపడి ఒక పక్కన నిలబడి బొటనవేలు మాత్రం ఆడిస్తుంటే, ఆ బొటనవేలికోసం ఒక వరస మళ్లీ వాయించేవాడు. ఆమె వచ్చి వలయంలో కలిసేదాకా వదిలేవాడు కాదు.

ఆయన కట్టుబాటు ఒకటుంది. ఆడేవాళ్లలో చివరి పాదం ఆగేదాకా వాయిద్యం ఆగకూడదు. ఆ పాదం ఆగిన తర్వాత కూడా టక్కున ఆపకూడదు. చిన్న వరస ఒకటి, పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు వాయించి ముగించాలి. దాన్ని బ్యాండువాళ్లు దించడం అనేవాళ్లు. బావిలోంచి ఒక చేద నీళ్లు తోడినంత సేపు పడుతుంది. అంతసేపటిలో కెంపమ్మ కాలు మెల్లగా దిగేది. నొప్పి ఉండేది కాదు. ఆమె గోడ పట్టుకుని చెప్పు మార్చుకునేది. దించకుండా ఆపితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎవరూ అట్లా ఆపలేదు.

పన్నెండు మంది ఆడవాళ్ల కోలాటం జట్టుకు కెంపమ్మే ముందు. అడుగు మారేచోట ఆమె కేక వేస్తే పన్నెండు జతల కోలలు ఒక్కటిగా మోగేవి. ఆ కాసేపు ఆమెను కుంటిది అన్నవాడు లేడు. మిగతా రోజుల్లో అనేవాళ్లు ఉన్నారు. అందరికంటే ముందు అనేవాడు సొంత తమ్ముడు గంగులప్ప.

తండ్రి పోతూ పోతూ నలభై గొర్రెల్లో ఇరవై కెంపమ్మవి అన్నాడు. నలుగురూ విన్నారు. పదో రోజు అయిపోగానే గంగులప్ప నలభై గొర్రెలనూ తన దొడ్లోకి తోలుకున్నాడు.

"గుట్ట ఎక్కలేవు, గొర్రె ఎనక పరిగెత్తలేవు. నీకు యాల గొర్రెలు? బ్యాండు పెట్టుకుని మేపుతావా?" అన్నాడు.

విన్న నలుగురూ తలలు దించుకున్నారు. న్యాయం అడగడానికి రెండు కాళ్లూ సమానంగా ఉండాలని కెంపమ్మకు ఆరోజు తెలిసింది.

చాంద్ బాషా షంషుద్దీన్ శిష్యుడు. పదకొండేళ్లు ఆయన పక్కన నిలబడి చిన్న డ్రమ్ము వాయించాడు. ఆయన పెట్టిన అన్నం తిన్నాడు, ఆయన కోటు చిన్నది చేయించుకుని తొడిగాడు. ఎనభై ఒకటో సంవత్సరంలో బెంగళూరు నుంచి ఒక టేప్ రికార్డర్ తెచ్చాడు. గుడ్డ కప్పి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు.

"ఉస్తాద్, దీంట్లో ఒక్కసారి వాయిస్తే చాలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాడతాది."

"దానికి కండ్లుండాయా?" అన్నాడు షంషుద్దీన్.

"కండ్లెందుకు ఉస్తాద్? నోరుండాది గదా."

"ఎవురి కాళ్లు సూసి వాయిస్తాది మరి? తీసుకుపో."

మూడు నెలలు అడిగాడు. మూడు నెలలూ అదే జవాబు. అప్పుడు చాంద్ బాషా మార్కెట్ యార్డుకు పోయాడు. టమోటాల కుప్ప పక్కన గొంతుక్కూర్చుని కెంపమ్మతో మాట్లాడాడు.

"అక్కా, రంజాన్ నెలంతా ఉస్తాద్ వాయించడు. ఆ నెలంతా నువ్వు కుంటాల్సిందేనా? ఒక్క టేపు ఉంటే ఇంట్లోనే పెట్టుకోవచ్చు. నీకోసరమే. ఇంకెవురికీ ఇయ్యను. కావాలంటే ఒట్టు."

కెంపమ్మ నమ్మింది. నమ్మడం తప్పు కాదు. పదకొండేళ్లు పక్కన నిలబడినవాడి మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్మాలి? ఆమె షంషుద్దీన్ ఇంటికి పోయి గడపలో కూర్చుంది.

"చిన్నాయనా, ఒక్క రంజాన్ నెలకే. నాకోసరం."

ఆయన ఆమె ఎత్తుచెప్పు వైపు చూశాడు.

"నీకోసరమైతే సరే బిడ్డా" అన్నాడు.

చౌడేపల్లెలో ఒక పట్టుగూళ్ల షెడ్డు ఖాళీగా ఉండింది. రోడ్డుకు దూరం, బస్సుల మోత వినపడదు. మధ్యాహ్నం పూట ఏడుగురు బ్యాండువాళ్లూ కోట్లు లేకుండా పోయారు. ఆడే కాళ్లు లేకపోతే ఆయన వాయించలేడు కాబట్టి కెంపమ్మ ఎదురుగా నిలబడి ఆడాలి. సంచిలోని సరిజోడు చదును చెప్పు తొడుక్కుంది. క్లారినెట్టు లేచింది. కాలు పెరిగింది. ఆమె ఒక్కతే, జట్టు లేకుండా, రెండు కోలలు పట్టుకుని ఆడింది. ఆయన ఆ రెండు పాదాలనే చూస్తూ వాయించాడు. అంత బాగా ఆయన అంతకు ముందు ఎప్పుడూ వాయించలేదని డోలు కొట్టే ముసలాయన తర్వాత చాలామందితో చెప్పాడు.

ఆమె పాదం ఇంకా ఆడుతూనే ఉంది. టేపు అయిపోయి, రికార్డరు పెట్టె 'టక్' మంది.

"ఐపాయె ఉస్తాద్!" అని చాంద్ బాషా చెయ్యెత్తాడు.

షంషుద్దీన్ క్లారినెట్టు పెదవుల మీది నుంచి తీసేశాడు. నలభై ఏళ్లలో మొదటిసారి పాదం మాట వినకుండా పెట్టె మాట విన్నాడు. కెంపమ్మ కిందికి చూసుకుంది. కాలు దిగలేదు.

"అయ్యో బిడ్డా, దించలే" అని ఆయన మళ్లీ క్లారినెట్టు ఎత్తబోయాడు.

"బస్సు పోతాది ఉస్తాద్!" అన్నాడు చాంద్ బాషా, పెట్టెకు గుడ్డ కప్పుతూ. "రేప్పొద్దున దించొచ్చులే. ఒక్క రేయి అక్కను నిటారుగా పండుకోనీ."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"రేప్పొద్దున ఇంటికాడికి రా బిడ్డా."

"వస్తా చిన్నాయనా."

రాలేదు.

మరుసటి పొద్దున ఆమె రెండు చదును చెప్పులూ తొడుక్కుని బస్టాండు వైపు బయలుదేరింది. దారి తమ్ముడి దొడ్డి పక్కనుంచే పోతుంది. దొడ్డి దగ్గర కాళ్లు ఆగాయి. తడిక తీసింది. చెవి కోసిన గుర్తు చూసి, తండ్రి చెప్పిన గొర్రెలను ఒక్కొక్కటే బయటికి తోలింది. గంగులప్ప వేపపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చి ఆమె కాళ్లు చూశాడు. బ్యాండు ఎక్కడుందా అని వీధి ఆ చివరా ఈ చివరా చూశాడు.

"బ్యాండు లేదురా" అంది కెంపమ్మ. "పక్కకు జరుగు."

ఆ రోజు గుట్ట ఎక్కింది. ముప్పై మూడేళ్ల వయసులో మొదటిసారి ఊరిని పైనుంచి చూసింది. ఇంటికప్పులు, మదనపల్లె రోడ్డు, దాని మీద మునిరత్నం బస్సు అగ్గిపెట్టెంత కనపడ్డాయి. ఒక వారం ఈ గాలి పీల్చుకుని పోతాననుకుంది. వారం నెల అయింది.

షంషుద్దీన్ మునిరత్నంతో మూడుసార్లు కబురు పెట్టాడు.

"ఉస్తాద్ రమ్మన్నాడమ్మా."

"గొర్రెలు ఈనతాండాయప్పా. వచ్చే వారం పోతా."

రెండోసారి గొర్రెలకు గాలికుంటు జబ్బు వచ్చిందని చెప్పింది. మూడోసారి బస్సుకు ఎదురుపడకుండా అడ్డదారిన పోయింది. ఆయన పిలిచేది తన కాలు దించడానికే అని ఆమె అనుకుంది. ఎందుకు పిలుస్తున్నాడో ఆయన చెప్పి పంపలేదు. ఆయనకూ పౌరుషం ఉంది.

అసలు సంగతి వేరు. ఆ షెడ్డులో ఆపిన పాట ఆయన రొమ్ములో ఆగిపోయింది. క్లారినెట్టు పెట్టుకుంటే వేరే పాటలోకి ఊపిరి పోయేది కాదు. వట్టి గాలి బుస్సుమనేది. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి ఏమీ లేదన్నాడు. దించని పాదం ఒకటి లోకంలో ఎక్కడో తిరుగుతూ ఉంటే ఇంకో పాట ఎట్లా మొదలవుతుంది?

ఆ ఒక్క టేపును చాంద్ బాషా నూరు టేపులు చేశాడు. రంజాన్ రానేలేదు, అతని మైకుసెట్టు షాపు మాత్రం వచ్చింది. పెళ్లికి టేపు, జాతరకు టేపు, గృహప్రవేశానికి టేపు. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ ఊళ్లో చూసినా ఇనప గొట్టాల్లోంచి షంషుద్దీన్ క్లారినెట్టే మోగేది. "ఇదే వాయిద్యం గదప్పా, ఎర్రకోట్లు లేవంతే" అనేవాళ్లు జనం. ఏడుగురికి అన్నం పెట్టే పని తప్పింది కదా అని సంతోషపడేవాళ్లు కూడా ఉన్నారు. తమ అవ్వల పెళ్లిళ్లకు, తమ పెళ్లిళ్లకు ఊపిరి ఖర్చుపెట్టిన మనిషిని ఒక్కరంటే ఒక్కరు వచ్చి పలకరించలేదు. దీనికి వేరే పేరు పెట్టనక్కరలేదు. దీని పేరు మోసమే.

మరుసటేడు పుంగనూరు గంగమ్మ జాతరలో షంషుద్దీన్ ఒక సోడా బండి పక్కన నిలబడ్డాడు. కరెంటు స్తంభానికి కట్టిన గొట్టంలోంచి తన పాట తానే విన్నాడు. ఆడవాళ్లు కోలాటం వేస్తున్నారు. ఒక ముసలమ్మకు ఆయాసం వచ్చింది. ఆమె కాలు తడబడింది. పాట తగ్గలేదు. పక్కనామె కోల ముసలమ్మ మణికట్టుకు తగిలింది. ఆమె వలయం మధ్యలోనే కూలబడి చెయ్యి పట్టుకుంది. పాట అట్లాగే పరుగెత్తుతూ ఉంది. షంషుద్దీన్ పెదవులు కదిలాయి. మెల్లగా, మెల్లగా అని తన పాటకు తానే చెప్పుకుంటున్నాడు. అది ఎందుకు వింటుంది?

అప్పుడు వలయంలో ఒక జత పాదాలు కనపడ్డాయి. రెండూ సమానం. రెంటికీ చదును చెప్పులు. ఓబులప్ప కుట్టు ఆయనకు తెలుసు. బ్యాండు లేదు, కాలు మాత్రం నిలబడి ఉంది.

కెంపమ్మ ఆయనను చూసి కోలలు కింద పడేసి వచ్చింది.

"చిన్నాయనా."

ఆయన మొహం ఎత్తలేదు. పాదాలనే చూస్తున్నాడు.

"నాకోసరం అన్నావు గదా బిడ్డా."

"చిన్నాయనా, ఇట్ల చేస్తాడని నాకు తెలీదు. అల్లా తోడు, గంగమ్మ తోడు."

"వాని సంగతి కాదు" అన్నాడు. "రేప్పొద్దున వస్తానంటివి."

ఆమె ఎడమకాలు వెనక్కి లాక్కుంది.

"కాలు బాగుండాది. జాగ్రత్తగా సూసుకో" అని ఆయన వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత మదనపల్లె ఇంటికి తాళం పెట్టి కుప్పంలో కూతురు మైమూనా ఇంటికి చేరాడని తెలిసింది.

కెంపమ్మ నేరుగా మైకుసెట్టు షాపుకు పోయింది.

"రంజాన్ నెలకే అన్నావు గదరా. నాకొక్కదానికే అన్నావు గదరా."

చాంద్ బాషా టేపు చుడుతూ తలెత్తలేదు.

"నీ కాలూ ఒక్క రేయికే గదక్కా."

ఆ మాట ఆమెను రెండేళ్లు వదల్లేదు. చాంద్ బాషా దొంగ. కానీ ఆ మాట దొంగమాట కాదు.

ఆమె మళ్లీ కోలాటం వేయలేదు. కాలు పొడుగ్గానే ఉంది, ఆటే పోయింది. తన పాదాన్ని ఎవరూ చూడని చోట అడుగు ఎక్కడ వేయాలో తెలిసేది కాదు. పైగా ఆ ఎడమపాదం ఆగేది కాదు. అన్నం తింటున్నా, గుట్ట మీద కూర్చున్నా, ఆనాటి షెడ్డులోని తాళానికి మడమ నేలను తడుతూనే ఉండేది. గొర్రెలు అలవాటుపడి ఆ చప్పుడు పక్కనే పడుకునేవి. ఆమె అలవాటు పడలేదు.

ఎనభై నాలుగులో ఒకరోజు మునిరత్నం ఆమెను బస్సు నుంచి దింపుతూ అన్నాడు. "ఉస్తాద్ కుప్పంలో గొడుగులు బాగుచేస్తాండాడమ్మా. క్లారినెట్టు ఊది మూడేండ్లాయె. చౌడేపల్లె కాడ ఆపిన పాట గొంతులో అడ్డం పడుండాదంట. నీకు తెలీదా?"

"ఎవురు చెప్పినారు?"

"ఆ యమ్మ మైమూనా. తిడతా చెప్పింది. నిన్నే తిట్టింది."

మరుసటి పొద్దున కెంపమ్మ గొర్రెలను గంగులప్ప దొడ్డి దాకా తోలింది.

"ఈ పొద్దు నువ్వు మేపు. సాయంత్రం నేను కుంటుతా వచ్చినా ఇవి నావే. మాట ఇయ్యి."

"నువ్వు కుంటుతా వస్తే అప్పుడు సూద్దాం" అన్నాడు గంగులప్ప నవ్వుతూ. ఆ నవ్వుకు అర్థం ఆమెకు తెలుసు. తెలిసే తడిక వేసి బస్సెక్కింది. సంచిలో ఈసారి ఎత్తుచెప్పు ఉంది.

కుప్పంలో మైమూనా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ముందు కాళ్లనే చూసింది. ఆ ఇంటివాళ్లందరికీ అదే అలవాటు.

"వచ్చిందమ్మా మహారాణి! సూడు ఆ కాలు, మా అబ్బా ఊపిరి తాగి పెరిగిన కాలు. ఇంకా ఏం మిగిలుండాదని వచ్చినావు? గొడుగు ఊచలు ఉండాయి, కావాల్నా?"

"తిట్టుకో అక్కా. తిట్టినాక లోపలికి పోనీ."

"నీకు అడ్డమెవురు? ఎప్పుడు పిలిస్తే ఇప్పుడా వచ్చేది?"

షంషుద్దీన్ పంచలో, విప్పిన గొడుగుల మధ్య కూర్చుని ఉన్నాడు. చాలా తగ్గిపోయాడు. ప్రతి మాటకూ ముందు ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"దించు చిన్నాయనా" అంది కెంపమ్మ.

"గొర్రెలో?"

"మా వానికి అప్పజెప్పి వచ్చినా. ఇంక ఇయ్యడు."

"మరి యాల దించేది? ఉంచుకో. మోసపోయినోళ్లల్లో ఒకరికన్నా ఏదో ఒకటి దక్కనీ."

"నేను మోసపోయినదాన్నే. మోసం చేసినదాన్ని కూడా."

"అయితే పో. నేనేమీ అడగలే గదా నిన్ను."

"నువ్వు అడగలే. నీ కట్టుబాటు అడగతాండాది. చివరి పాదం ఆగేదాకా వాయిద్యం ఆగగూడదంటివి. సూడు. ఇది ఇంకా ఆగలే."

ఆయన చూశాడు. పంచ బండ మీద ఆమె ఎడమ మడమ తడుతూ ఉంది. మూడేళ్ల కిందటి తాళం, ఒక్క దెబ్బ తప్పలేదు. తర్వాత గొడుగు పక్కన పెట్టాడు.

"మైమూనా, ఆ పెట్టె తే."

మైమూనా చేట కింద పెట్టి, అటక మీది పెట్టె దింపింది. ఆయన ఊదే కొసన ఉండే సన్నటి రీడును నోట్లో తడుపుకున్నాడు. క్లారినెట్టు ఎత్తి, షెడ్డులో ఎక్కడ ఆపాడో అక్కడే అందుకున్నాడు. ఆమె పాదం నాలుగు అడుగులు ఆడింది, ఆగింది. అప్పుడు ఆయన దించాడు. పైనుంచి కిందికి, మెట్టు తర్వాత మెట్టు. కెంపమ్మ స్తంభం పట్టుకుంది. కాలు నాలుగు వేళ్లూ దిగి, తన చోటికి తాను వచ్చింది. మడమ కదల్లేదు. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆమె ఒంట్లో నిశ్శబ్దం.

షంషుద్దీన్ గట్టిగా దగ్గాడు. తర్వాత పొడుగ్గా, అడుగుదాకా, ఒక ఊపిరి పీల్చాడు. మైమూనా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

కెంపమ్మ ఎత్తుచెప్పు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. ఇంతలో క్లారినెట్టు మళ్లీ లేచింది. ఇది కొత్త పాట. మూడేళ్లుగా రాని పాట. కాలు వేడెక్కి మళ్లీ పెరగడం మొదలైంది.

"వద్దు చిన్నాయనా, బస్సు పోతాది!"

ఆయన ఒక్క క్షణం క్లారినెట్టు దించాడు.

"పోనీ. ఇంకోసారి దించకుండా పంపను. ఆడు."

కోలలు లేవు. మైమూనా రెండు గొడుగు కర్రలు తీసి చేతికిచ్చింది, కోపంగానే. కెంపమ్మ ఆడింది. వీధిలో పోయేవాళ్లు ఆగారు. అవతల టీకొట్టులో చాంద్ బాషా టేపు మోగుతోంది. కొట్టువాడు వచ్చి తొంగిచూసి, వెనక్కు పోయి దాన్ని ఆపాడు. వాకిట్లో చివరి పాదం ఆగేదాకా ఆయన వాయించాడు. ఆగిన తర్వాత దించాడు. బస్సు పోయింది.

మరుసటి పొద్దున మదనపల్లెలో మునిరత్నం బస్సు దగ్గరికి కెంపమ్మ కుంటుతూ వచ్చింది. మునిరత్నం కాళ్లు చూశాడు, ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి లేపాడు. గొర్రెలు ఇక రావని ఇద్దరికీ తెలుసు.

"సంచి తేలిగ్గా ఉండాదే. చెప్పు లేదా?"

"లేదప్పా. కుప్పంలో ఉండాది, క్లారినెట్టు పెట్టెలో."

"మరిచిపోయినావా?"

"లేదు" అంది కెంపమ్మ. "ఇంక అది ఆడనే ఉండాల. శుక్రవారం పోతా. నాకు ఈ సీటు పెట్టు."

మునిరత్నం టికెట్టు చించి ఇచ్చి, విజిల్ వేశాడు.